బీరువాలో మొలిచిన గోధుమ

మా బసవరాజుకి దేవుడంటే పడదని సెక్టర్ 4లో అందరూ అనుకుంటారు. అది తప్పు. "పడకపోడానికి ముందు ఆయన ఉండాలి గదరా," అంటాడు వాడు. వాడికున్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరేం చెప్పినా "ప్రూఫేటి?" అని అడుగుతాడు. "దేవుడి దయవల్ల బాగున్నాం" అంటే ప్రూఫేటి? "రాత్రి నిద్ర పట్టలేదు" అంటే ప్రూఫేటి? పుట్టినప్పుడు మంత్రసాని "మగపిల్లాడు" అనగానే ఏడుపు ఆపి ఆమె వంక అనుమానంగా చూశాడని వాళ్ళమ్మ చెప్పేది. ఆవిడ చెప్పిందో, నేనే కల్పించానో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు.

కల్పించడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మా నాన్న వెంకన్న భక్తుడు, అమ్మ ఏసు భక్తురాలు. రైల్వే క్వార్టర్లో గోడలు తక్కువ, కాబట్టి ఇద్దరు దేవుళ్ళూ ఒకే మేకుకి వేలాడేవారు. నన్ను కాన్వెంటులో వేశారు. అక్కడ సిస్టర్లు నేర్పినవి రెండు. అబద్ధం ఆడకూడదు. ఆడితే తడబడకూడదు. రెండోది బాగా వంటబట్టింది. గూడ్సు రైలు గార్డుగా రిటైరయ్యాను. ఈ సెక్టర్ 4 క్వార్టరు మా ఆవిడ టీచరు ఉద్యోగానిది. ఆవిడ పోయింది, క్వార్టరు మిగిలింది.

బసవరాజు ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లో మా సెక్టర్లన్నీ కట్టిన ఉక్కు కర్మాగారం లాబొరేటరీలో పనిచేశాడు. కొలిమిలోంచి కరిగిన ఉక్కు శాంపిల్ వస్తే, అందులో ఏది ఎంత ఉందో తేల్చి చెప్పడం వాడి పని. శాంపిల్ రాకుండా ఎంత పెద్ద ఆఫీసరు అడిగినా పాస్ చేసేవాడు కాదు. ఆ అలవాటు లాబ్ గేటు దాటి దేవుడి దాకా పాకింది. "శాంపిల్ తెమ్మనండి. టెస్టు చేసి పాస్ చేసీస్తాను. నాకేటి ఆయనతో పగ?"

వాడి పెళ్ళిలో జరిగింది చెప్తాను. మిట్టమధ్యాహ్నం పురోహితుడు వధూవరుల్ని పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి, ఆకాశంలోకి వేలు చూపించి, "అరుంధతి కనబడిందా నాయనా?" అన్నాడు.

"లేదండి," అన్నాడు బసవరాజు.

"కనబడిందని చెప్పాలి నాయనా."

"కనబడకుండా కనబడిందని ఎలా చెప్తానండి?"

మామగారు బతిమాలారు. మేనమామ చెవి మెలిపెట్టాడు. వాడు తల ఊపలేదు. చివరికి పెళ్ళికూతురు జ్ఞానప్రసూన, "పోనీలెండి, కనబడేదాకా ఉందాం," అని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. చుక్కలు పొడిచేదాకా పెళ్ళివారికి భోజనాల్లేవు. మా రైల్వే మెకానిక్కు ఒకాయన ఆకలికి తట్టుకోలేక మామిడాకుల తోరణం తినేశాడు. ఇందులో కొంత నిజముంది. ఎంతో అడక్కండి. ఆ జ్ఞానప్రసూన కూడా ఇప్పుడు లేదు. ఆవిడ పోయాక వాడు ఆవిడ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వడు. కారణం అడిగితే, "కాలు విరిగింది," అంటాడు. విరగలేదు. నేను చూశాను.

దేవుడు లేడనే మనిషి గుళ్ళకి దూరంగా ఉండాలి కదా? మావాడు తప్పకుండా వెళ్తాడు. మంగళవారం ఆంజనేయుడు, శుక్రవారం అమ్మవారు, మధ్యలో గురుద్వారా, ఆదివారం నాతో చర్చి. ఒకసారి ఫాదర్ నవ్వుతూ అడిగారు. "బసవరాజు గారూ, మీరు నమ్మరు కదా. వారం వారం ఎందుకొస్తున్నారు?"

"ఒక్క వారం చూసి లేడని ఎలా రాసిస్తాను ఫాదర్? ఇంకా చూస్తన్నాను."

అలా చూస్తూ చూస్తూ, ప్రతిచోటా నలుగురితో పేచీ పెట్టుకుని, పొద్దుపోయాక ఇంటికొచ్చేవాడు. మా సెక్టర్లో పొద్దుపోవడం తేలిక కాదు. క్వార్టర్లలో సగం తాళాలు. పిల్లలు పూణేలో, రాయ్‌పూర్‌లో. సాయంత్రం ఆకాశం ఎర్రబడితే అది సూర్యుడో ఫర్నేసో తేల్చుకోవడమే మాకు కాలక్షేపం.

వాడి అసలు యుద్ధం మాత్రం పైవాటాలో ఉండే గౌరీదేవితో. గౌరీదేవికి దేవుడు లేని చోటు లేదు. పాలు పొంగినా దేవుడే, పొంగకపోయినా దేవుడే. ఆవిడ భర్త గురునాథరావు రైలు పట్టాల మిల్లులో చేసి రిటైరైన మనిషి. రోజూ సాయంత్రం ఆవిడ టీ ఇచ్చేది, మావాడు తాగి ఆవిడ దేవుణ్ణి కొట్టిపారేసేవాడు, గురునాథరావు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాడు.

"అన్నయ్యా, ఈ వాన ఎవరు కురిపించినారు?"

"మేఘం."

"మేఘాన్ని ఎవరు పంపినారు?"

"సముద్రం."

"సముద్రాన్ని?"

"ఇదేటమ్మా, ఇలాగ అడుక్కుంటా పోతే ఎక్కడ తేల్తాం?"

"అక్కడే తేల్తాం అన్నయ్యా, దేవుడి దగ్గిర!"

"ప్రూఫేటి?"

పేపరు వెనకనుంచి గురునాథరావు, "టీ చల్లారిపోతోంది, అదీ ప్రూఫు," అనేవాడు.

మొన్న చలికాలంలో గురునాథరావు జబ్బుపడ్డాడు. గౌరీదేవి మొక్కని దేవుడు లేడు. మా చర్చిలో కొవ్వొత్తి కూడా నా చేత వెలిగించింది. గురునాథరావు దక్కలేదు.

కార్యక్రమాలయ్యాయి, వచ్చిన చుట్టాలు వెళ్ళారు, గౌరీదేవి తలుపేసుకుంది. కూతురు రాజశ్రీ నాగ్‌పూర్ నుంచి ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాను" అని పెట్టేసేది. పాల పాకెట్లు గుమ్మంలోనే విరిగిపోయేవి. ఒక సాయంత్రం బసవరాజూ నేనూ వెళ్ళి తలుపు కొట్టాం. చాలాసేపటికి తీసింది. ఇల్లు చీకటిగా ఉంది. వంటింటి కిటికీ పక్కన దేవుడి గూడు ఖాళీగా ఉంది. గోడమీద పటాలున్న చోట్ల తెల్లటి మచ్చలు మిగిలాయి.

"పటాలేవమ్మా?" అన్నాడు బసవరాజు.

"ట్రంకుపెట్టిలో పెట్టీసినాను."

"ఎందుకేటి?"

"లేడు గదన్నయ్యా. నువ్వే గెలిచినావు. ఇన్నాళ్ళూ నీతో ఊరికే వాదించినాను."

జీవితమంతా ఆ మాట కోసం ఎదురుచూసిన మనిషి. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. స్టేషన్లో వేరేవాళ్ళ పెట్టె చేతికొచ్చినవాడిలా నిలబడిపోయాడు. సన్నటి గొంతుతో, "ప్రూఫేటి?" అన్నాడు.

"ఆస్పత్రి మెట్లమీద కూచుని దండం పెట్టినాను. ఇంకేటి ప్రూఫు?"

"ఒక్క శాంపిల్‌తో తేల్చీసినావేటమ్మా? అలాగ తేల్చకూడదు."

"నాకున్నది ఒక్కడే గదన్నయ్యా," అంది గౌరీదేవి.

మేం మెట్లు దిగి వచ్చేశాం. ఆ తర్వాత బసవరాజు ఎవరితోనూ వాదించలేదు. గుళ్ళో పూజారి "అంతా స్వామి దయ" అంటే వాడు "ఊఁ" అన్నాడు. పూజారి భయపడి నాకు ఫోన్ చేశాడు. "సురేంద్రనాథ్ గారూ, మీ స్నేహితుణ్ణి ఓసారి డాక్టరుకి చూపించండి."

ఉగాది ముందురోజు వాడు మళ్ళీ మనిషయ్యాడు. మా కింది వాటాలో ఛాయ అని ఛత్తీస్‌గఢ్ ఆవిడ ఉంది. మా మధ్య ఉండి ఉండి తెలుగు పట్టుబడింది గాని, ఆ తెలుగు హిందీ చొక్కా తొడుక్కుని తిరుగుతుంది. ఉగాదినాడే ఇక్కడివాళ్ళకి చైత్ర నవరాత్రులు మొదలు. కుండల్లో మట్టి పోసి, గోధుమలు చల్లి, దీపం పెట్టి, శ్రీరామనవమి దాకా మొలకలు పెంచుతారు. దాన్ని జవారా అంటారు. మొలక ఒత్తుగా, ఎత్తుగా, బంగారం రంగులో వస్తే అమ్మవారు ఆ ఇంటిని చల్లగా చూసినట్టు. ఛాయ వరండాలో కుండలు కడుగుతుంటే మావాడు ఆగి, చూసి, రెండు కుండలు ఎత్తుకుని నేరుగా పైకెళ్ళాడు. వెనకాలే నేను, నా వెనకాల ఛాయ.

"గౌరమ్మా, రీటెస్టు!" అన్నాడు తలుపు కొడుతూ. "ఒకటే మట్టి, ఒకటే గోధుమ, ఒకటే నీళ్ళు. నీ కుండకి నువ్వు దండం పెట్టాలి. నా కుండకి ఎవరూ పెట్టరు. అష్టమికి నీది బాగా పెరిగితే దేవుడున్నట్టు."

"నాకు నమ్మకం లేదన్నయ్యా. మనసు లేకుండా దండం ఎలాగ పెడతాను?"

"మనసెందుకమ్మా? జ్వరం చూడ్డానికి థర్మామీటరుకి మనసుండాలేటి? పొద్దున్నే స్నానం, దీపం, దండం. ప్రొసీజర్ ప్రకారం చేసీ."

"నీది పెరిగితే?"

"లేడని నువ్వు చెప్పిందే రైటు, ఒప్పేసుకుంటాను."

గౌరీదేవి ఒక కుండ అందుకుంది. "అప్పుడు పటాలన్నీ గుళ్ళో ఇచ్చీసి తలుపేసుకుంటాను. మళ్ళీ మీరెవరూ కొట్టకూడదు," అంది.

"కుండ ఎక్కడ పెట్టాలో నేను చెప్తా భయ్యా, జవారాకి..." అని ఛాయ మొదలుపెట్టింది.

"ప్రొసీజర్ నాది. నువ్వు మాట్లాడకు దీదీ," అన్నాడు బసవరాజు. ఛాయ మూతి ముడుచుకుంది.

గౌరీదేవి ట్రంకుపెట్టె తెరిచి ఒక్క పటం తీసింది, ప్రొసీజర్‌కి ఎంత కావాలో అంతే. మర్నాడు పొద్దున్న ఆవిడ వంటింటి కిటికీలో దీపం కనబడింది. దీపం పెట్టాక కుండ చూడ్డానికి ఛాయ వచ్చింది. ఛాయతో పక్కబ్లాకు ఆడవాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళకి టీ ఇవ్వాలి కదా, పాల పాకెట్టు లోపలికి వెళ్ళింది. మూడు వాటాల అవతలికి వినబడేలా, "అన్నయ్యా, నీది ఎంతొచ్చింది?" అని ఒకరోజు ఆవిడే కేకేసింది.

"చెప్పకూడదు! రీడింగు సీక్రెట్!"

ఆ సాయంత్రం వాడింటికి వెళ్ళాను. కిటికీలో కుండ లేదు.

"ఏదిరా?"

"బీరువాలో."

"బీరువాలో ఏంటి?"

"గాలీ వెలుతురూ లేకపోతే చస్తాది గదా." నా వైపు చూడకుండా అన్నాడు. "నీళ్ళు కూడా మానీసినాను. ఆవిడది గెలవాలి."

"ఒరే బసవరాజూ! నువ్వు రీడింగు దిద్దుతున్నావా?"

కరిగిన ఉక్కులో గంధకం వెంట్రుకవాసి ఎక్కువైందని మొత్తం బ్యాచ్‌నే ఆపేసిన మనిషి వాడు. ఇల్లంతా ఓసారి చూసి, జ్ఞానప్రసూన కుర్చీ చూసి, "తలుపేసుకున్న ఇంట్లో ఎలాగుంటాదో నాకు తెల్దేటిరా," అన్నాడు. "నోరు మూసుకుని టీ తాగు."

అష్టమినాడు గౌరీదేవి తనంతట తానే మెట్లు దిగి వచ్చింది, గురునాథరావు పోయాక మొదటిసారి. వెనక ఛాయ, ఛాయ వెనక సెక్టర్లో సగం ఆడవాళ్ళు. చేతిలో తన కుండ. ఎండ తగిలే కిటికీలో పెరిగిన మొలక కదా, జానెడు కూడా లేదు. పొట్టిగా, ఆకుపచ్చగా, అక్కడక్కడా బోసిగా ఉంది.

"నాది ఇంతే అన్నయ్యా. నీది చూపించు."

బసవరాజు ముఖం వెలిగిపోయింది. ఓడిపోవడానికి అంత ఆనందంగా లేచిన మనిషిని నేను చూడలేదు. "ఓడిపోనానమ్మా! మొత్తం చచ్చింది! రండి, అందరూ చూడండి!" అని బీరువా తలుపు బార్లా తీశాడు.

లోపల బంగారం మెరిసింది. మూసిన చీకట్లో తడి ఆరక, వెలుతురు వెతుక్కుంటూ గోధుమ మొలక మూరెడు లేచి, పై అరకి తగిలి, వంగి, వాడి చొక్కాల మధ్యకి పాకి ఉంది. ఒక మొలకైతే కోటు జేబులోకి దూరి పెన్ను పట్టుకుందని నా జ్ఞాపకం.

"అరే వాహ్! మాతా ప్రసన్న్ హై!" అని ఛాయ చేతులు జోడించింది. "జవారాని చీకట్లోనే పెట్టాలని భయ్యాకి ఎవరు చెప్పారు? నన్ను నోరు మూయించి, తనకి అంతా మాలూమే!"

జీవితమంతా ఉక్కుతో గడిపినవాడికి గోధుమ సంగతి ఏం తెలుసు?

గౌరీదేవి తన కుండ వంక చూసుకుంది, వాడి కుండ వంక చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. "చూసినావా అన్నయ్యా. దండం పెట్టనిదానికే ఇంత పెరిగింది. పెట్టినదానికి ఇది," అని కుండ నేలమీద పెట్టి గుమ్మం వైపు తిరిగింది. పైన తలుపు పడితే ఇక తెరుచుకోదని మా ఇద్దరికీ తెలుసు.

"ఆగమ్మా!" అని అరిచాడు బసవరాజు. "ఈ టెస్టు చెల్లదు."

"ఏం?"

"నేను దండం పెట్టినాను."

ఆ క్షణంలో ప్లాంటులో యంత్రాలన్నీ ఆగిపోయాయి. ఆగలేదంటారా? నాకు వినబడలేదు మరి.

"నువ్వా?" అంది గౌరీదేవి.

"రోజూ. పొద్దున్నా, సాయంత్రం. ఎవరైనా చూస్తారని బీరువాలో దాచినాను. లేకపోతే కుండని బీరువాలో ఎవరు పెడతారు?"

అబద్ధంలో నాకు పాఠాలు చెప్పగల దెబ్బ అది. మా సిస్టర్లు వింటే మెచ్చుకునేవారు. కానీ ఛాయ వదిలే మనిషి కాదు.

"జోత్ ఏదీ? దీపం లేకుండా జవారా ఎలా?"

"టార్చిలైటు పెట్టినాను."

"మంత్రం?"

వాడికి ఒక్క శ్లోకమూ రాదు. గుళ్ళన్నీ తిరిగినా పేచీలు పెట్టుకున్నాడే గాని చెవి పెట్టలేదు. నా వైపు చూశాడు. నాకు వచ్చినవి ఇంగ్లీషు ప్రార్థనలు. వాడు కళ్ళు మూసుకుని, రెండు చేతులూ వేడి పట్టకారు పట్టుకున్నట్టు పట్టుకుని, గంభీరంగా అందుకున్నాడు.

"కార్బన్... మాంగనీస్... సిలికాన్... సల్ఫర్... ఫాస్ఫరస్..."

వెనకున్న ఛత్తీస్‌గఢ్ ఆడవాళ్ళు, ఇదేదో దక్షిణదేశపు మంత్రమనుకుని, భక్తిగా తలలు వంచారు. ఇద్దరు చెంపలు వేసుకున్నారు.

గౌరీదేవి ఉక్కు మనిషి భార్య. ఆవిడకి ఆ పేర్లు తెలుసు. ముందు పెదవి బిగబట్టింది. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత గుమ్మం పట్టుకుని, పైట నోట్లో కుక్కుకుని, కళ్ళల్లోంచి నీళ్ళొచ్చేదాకా నవ్వింది. బసవరాజు కళ్ళు తెరవకుండా రెండోసారి మొదలుపెట్టాడు, ఈసారి కాస్త రాగం కూడా తీశాడు.

"చాల్లే అన్నయ్యా, నీ పూజ సల్లగుండ," అంది ఊపిరి తీసుకుని. "అయితే ఈ టెస్టు పోయినట్టే గదా."

"పోయినట్టే. రెండు కుండలకీ దండం పడింది."

"దసరాకి మళ్ళీ నవరాత్రులు వస్తాయి. మళ్ళీ పెడదాం. ఈసారి నువ్వు నీ కుండ ముట్టకు. నేనే తాళం వేస్తాను."

"దీపం?" అన్నాడు వాడు మెల్లిగా.

"అందాకా వెలిగిస్తాను. మధ్యలో ఆపితే రీడింగు తప్పుతాది."

పైకి వెళ్తూ మెట్లమీద నాతో, "ఈయన అబద్ధమాడినాడని నాకు తెలుసు సురేంద్రన్నయ్యా," అంది. "ప్రాణం పోయినా ఆడని మనిషి గదా. ఇక నేను తలుపేసుకుంటే బాగుంటాదా?"

నవమి తెల్లారేసరికి కబురు సెక్టరంతా పాకింది. బసవరాజు రహస్య భక్తుడట. బీరువాలో పూజట. అమ్మవారు కోటు జేబులో వెలిసిందట. (ఈ చివరిది నేనే పాకించాను.) గుడి కమిటీవాళ్ళు శాలువా కప్పుతామని వచ్చారు. ఆంజనేయస్వామి పూజారి మంత్రోపదేశం కోసం కాగితం పెన్ను పట్టుకుని వచ్చాడు. "ఇన్నాళ్ళూ మమ్మల్ని ఆడించారన్నమాట!" అని దారిలో కనబడ్డవాళ్ళంతా నవ్వారు. మావాడు జీవితమంతా కాపాడుకున్న పరువు ఒక్క పూటలో పోయింది. నోరు విప్పి ఒక్కమాట నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. "ఊఁ, ఊఁ," అంటూ తల ఊపాడు.

సాయంత్రం జవారా నిమజ్జనానికి అందరం చెరువు దగ్గరికి వెళ్ళాం. ఛాయ బసవరాజు కుండ తలమీద పెట్టుకుంది, గౌరీదేవి తన పొట్టి కుండ తనే మోసుకొచ్చింది. నీళ్ళలో వదిలే ముందు ఇక్కడివాళ్ళు ఒక పని చేస్తారు. కొన్ని మొలకలు తుంచి, నచ్చిన మనిషి చెవిమీద పెడతారు. పెట్టినవాళ్ళూ పెట్టించుకున్నవాళ్ళూ ఇక చుట్టాలు. ఛాయ ముందుగా గౌరీదేవి చెవిమీద పెట్టింది, గౌరీదేవి ఛాయకి పెట్టింది. ఇద్దరూ నీళ్ళ దగ్గరికి నడిచారు. చుట్టూ అందరూ ఒకరికొకరు పెట్టుకుంటున్నారు. బసవరాజు చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరికోసమూ ఎదురుచూడనట్టు ఓ పక్కన నిలబడ్డాడు. నేను వాడి కుండలోంచి ఒక మొలక తుంచి వాడి చెవిమీద దోపాను.

"ఇదేటిరా?"

"చచ్చేదాకా మనం చుట్టాలం. ఇక్కడి రూలు."

ఆ మొలకని చేత్తో తడిమి చూసుకున్నాడు. తీసేస్తాడనుకున్నాను. తియ్యలేదు.

"అది నిజమో కాదో టెస్టు చెయ్యాలంటే చాలాకాలం పడతాది గదరా," అన్నాడు.

"పడనీ," అన్నాను.

వాడు కుండలోంచి ఇంకో మొలక తుంచి, అన్నిటికంటే పొడుగ్గా ఉన్నది చూసి, నా చెవిమీద పెట్టాడు.